తక తక తక తకిట

వేళ్లతో బల్ల మీద కొట్టి చూడండి. తక, తక, తక, తకిట. రెండు, రెండు, రెండు, ఆ తర్వాత మూడు. మొత్తం తొమ్మిది. చివర్లో వచ్చే ఆ ఒక్క అక్షరమే నడకను ఒక పక్కకి ఒరగనిస్తుంది, మళ్లీ లేపి నిలబెడుతుంది. టర్కీలో అనటోలియా పల్లెపాటలు చాలా వాటిది ఇదే నడక. ఇక్కడ చిత్తూరు జిల్లా రామకుప్పంలో కూర్చుని నేను ఈ తొమ్మిదిని లెక్కపెట్టుకుంటున్నానంటే కారణం ఆల్తిన్ గ్యున్ అనే బ్యాండు.

ఆ బ్యాండు 2016లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలైంది. యాస్పర్ ఫెర్‌హుల్స్ట్ అనే డచ్చి బేస్ గిటారిస్టు మరో బృందంతో కచేరీకి ఇస్తాంబుల్ వెళ్లి, అక్కడి పాత రికార్డులకు మనసిచ్చేశాడు. ఊరికి తిరిగొచ్చాక టర్కీ పాటలు పాడగలిగేవాళ్లు కావాలని ప్రకటన ఇచ్చాడు. అలా దొరికినవాళ్లే మెర్వె దాష్‌దెమిర్, ఎర్దించ్ ఎజెవిత్. 2018లో 'ఓన్', 2019లో 'గెజె' ఆల్బమ్‌లు వచ్చాయి. రెండోది గ్రామీ నామినేషన్ దాకా వెళ్లింది. వీళ్లు పాడినవి ఎక్కువగా పాత పాటలే. కొన్ని నెషెత్ ఎర్తాష్ లాంటి జానపద గాయకులవి. కొన్ని ఎర్కిన్ కొరాయ్ తరం వాళ్లు 1970ల్లోనే ఓసారి కరెంటు గిటార్ మీదికి ఎక్కించినవి. పల్లె నోటి నుంచి ఇస్తాంబుల్ రికార్డులోకి, అక్కడి నుంచి ఆమ్‌స్టర్‌డామ్ వేదిక మీదికి వచ్చిన పాట, ఇన్ని చేతులు మారినా తొమ్మిదిలో ఒక్క అక్షరం పోగొట్టుకోలేదు. నన్ను పట్టేసింది అదే.

ఈ కథకు వెనక ఒక పోటీ ఉంది. 1965లో హురియ్యెత్ అనే దినపత్రిక 'బంగారు మైక్రోఫోన్' పేరుతో యువ బ్యాండ్లకు పోటీ పెట్టి, నాలుగేళ్లు నడిపింది. గిటార్, డ్రమ్స్, ఆర్గన్ ఏవైనా వాయించుకోవచ్చు, పాట మాత్రం టర్కీ భాషలో ఉండాలి. సొంతంగా కట్టిందైనా సరే, పల్లెపాటకు కొత్తగా వాయిద్యాలు కూర్చిందైనా సరే. గెలిచినవాళ్ల పాటలు రికార్డులుగా వచ్చాయి, బ్యాండ్లు ఊరూరా తిరిగాయి. అప్పటిదాకా బీటిల్స్‌ను అనుకరిస్తున్న పట్నం కుర్రాళ్లు ఈ ఒక్క నిబంధన వల్ల తాతల పాటల కోసం వెతకాల్సి వచ్చింది. 1967లో జెమ్ కరాజా అనే గాయకుడు ఈ పోటీలో రెండో స్థానం తెచ్చుకున్నది ఒక పాతకాలపు జానపద కవి పదాన్ని పాడే.

మనకూ అలాంటి పోటీ ఒకటి జరిగింది. 1970, 71లలో సిమ్లా సిగరెట్ల కంపెనీ 'సిమ్లా బీట్' పేరుతో దేశంలోని రాక్ బ్యాండ్లను పోటీకి పిలిచి, ఎంపికైన పాటలతో ఎల్‌పీ రికార్డులు వేసింది. ఆ రికార్డులు విన్నాను. ఆ పిల్లల చేతుల్లో పనితనం ఉంది, గిటార్‌లో సెగ ఉంది. కానీ పాటలు ఇంగ్లిష్‌లో ఉన్నాయి. మద్రాసు, బెంగళూరు కుర్రాళ్లు తమ వీధి చివర మోగే డోలును ఆ రికార్డులోకి రానివ్వలేదు. వాళ్లను తప్పుపట్టను, రమ్మని అడిగినవాళ్లే లేరు. మన దగ్గర పల్లె తాళం, గిటార్ కలిసి కూర్చున్నది సినిమా స్టూడియోలో. 1976లో ఇళయరాజా 'అన్నక్కిళి'తో వచ్చాక మా సరిహద్దు ఊళ్లలో ఆ కలయిక రోజూ వినిపించేది, ఇక్కడ తమిళ పాట పక్కింటి పాటే కదా. కానీ సినిమాలో పాట సన్నివేశం కోసం పుడుతుంది. బ్యాండులో పాట తన కోసమే బతకాలి.

ఇక పనితనం సంగతికి వస్తాను. నాకు అసలు మాట్లాడాలని ఉన్నది దాని గురించే.

టర్కీ పల్లెపాటకు ప్రాణం సాజ్ అనే తంత్రీవాద్యం. పొడుగాటి మెడ, ఏడు తీగలు మూడు జట్లుగా ఉంటాయి. దాని మెట్లు దారంతో కట్టినవి, వేలితో జరపవచ్చు. మన వీణ మీద 24 మెట్లు మైనంలో నిలబెట్టి ఉంటాయి, గిటార్ మీద లోహపు మెట్లు మెడలోకి దిగ్గొట్టి ఉంటాయి. సాజ్ మీద మాత్రం రెండు స్వరాల మధ్య ఇంకో స్వరానికి చోటు కావాలంటే ఆ చోట మెట్టు కట్టుకోవచ్చు. సామాన్యంగా ఒక స్థాయికి 17 మెట్లు కడతారు, గిటార్‌లో అవి 12. ఈ అయిదు మెట్ల తేడాలోనే పల్లె గొంతు ఉంటుంది. 1960ల చివర ఎర్కిన్ కొరాయ్, ఓర్హాన్ గెన్‌చెబాయ్ లాంటివాళ్లు గిటార్ కోసం పాటను మార్చలేదు. సాజ్‌కే పికప్ బిగించి యాంప్లిఫయర్‌కు కలిపారు. ఫజ్, వావా పెడళ్ల గుండా వెళ్లిన ఆ శబ్దం వింతగా ఉంటుంది, కానీ స్వరం తన చోటనే ఉంటుంది. కొరాయ్ 1974 ఆల్బమ్ 'ఎలక్ట్రానిక్ టుర్కులెర్' పేరులోనే ఈ పని మొత్తం ఉంది, టుర్కులెర్ అంటే పల్లెపాటలు.

మా వైపు గంగమ్మ పాటకు కీబోర్డు పెట్టి వాయించడం విన్నవాళ్లకు ఈ తేడా ఎంతటిదో తెలుస్తుంది. కుప్పం తిరుపతి గంగమ్మ జాతరలో పంబ మీద పాడే మనిషి గొంతు ఒక స్వరం దగ్గర అటూ ఇటూ కాని చోట నిలబడుతుంది. ఆ చోటు కీబోర్డులో లేదు. పక్కనున్న మీట నొక్కితే అది వెంటనే గొంతును తనవైపు లాక్కుపోతుంది, రెండు మూడు చరణాల్లో పాట చదునైపోతుంది. ఈ కారణంగానే హార్మోనియాన్ని ఆకాశవాణి 1940లో బయట పెట్టింది, 1971 దాకా లోపలికి రానివ్వలేదు. మరీ కఠినమైన నిర్ణయం అది. చిత్తూరు జిల్లా భారతం మిట్టల మీద పద్దెనిమిది రోజులు నడిచే రాత్రి నాటకాలు హార్మోనియం లేకపోతే నడవవు. అర్జునుడు తపస్సు మాను ఎక్కేటప్పుడు పాడే పద్యానికి ఆ పెట్టే ఆధారం. అయితే మంచి హార్మోనిస్టు ఏం చేస్తాడో గమనించాను: గొంతు ఆ ఇరుకు చోటికి వచ్చేసరికి మీట మీద నుంచి వేలు తీసేస్తాడు. శ్రుతి మాత్రం మిగులుస్తాడు. వాయించకుండా ఉండటం అనే ఈ విద్య మా ప్రాంతంలో బ్యాండు పెట్టే పిల్లలు మొదట నేర్చుకోవాలి.

చెక్కభజన నేర్పే పెద్దాయన ఒకాయనకు నా ఫోన్లో 'గెజె' పాటలు వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని కాసేపు విన్నాడు. భాష తెలియకపోవడం ఆయనకు అడ్డు కాలేదు. కాలి బొటనవేలు నేల మీద ఆడింది.

"ఇది కుంటి అడుగు గదా నాయనా," అన్నాడు. "మా దాంట్లో గూడా ఉండాదే."

"మీది ఏడు కదా తాతా. ఇది తొమ్మిది."

"ఏడయితేనేమి, తొమ్మిదయితేనేమి. ఎచ్చు అడుగు యాడ పడతాదో కాలికి తెలిసుంటే చాలు."

ఆయన చెక్కలు తీసి తకిట తకధిమి మొదలుపెట్టాడు. మూడు, నాలుగు. ఆ ఏడులో కూడా అదే ఒరగడం, అదే నిలదొక్కుకోవడం. మన కుర్రాళ్లు డ్రమ్స్ మీద కూర్చోగానే అలవాటుగా వచ్చేది నాలుగు. ఏడు అక్షరాల పాటను నాలుగులోకి సర్దడానికి ఒక అక్షరం సాగదీస్తారు, పాట ఎనిమిదవుతుంది. మర్యాదగా నడుస్తుంది, ఇక ఒరగదు. తెలుగు జానపదాన్ని రాక్ చేశామని చెప్పే వీడియోల్లో నేను ఎక్కువగా వినేది ఈ ఎనిమిదే. అక్కడ చెడింది పాట గుండె.

మంచి పని చేసినవాళ్లు లేరని కాదు. హైదరాబాద్ 'చౌరస్తా' బృందం రామ్ మిర్యాల గొంతుతో రెగ్గేలో తెలుగు పాటలు కట్టింది. 'ఊరెళ్లిపోతా మామ' విన్నప్పుడు నాకు నచ్చింది వాళ్లు ఎంచుకున్న నడక. రెగ్గేలో మొదటి దెబ్బను తరచూ ఖాళీగా వదిలేస్తారు, ఆ ఖాళీలో తెలుగు మాట విరుపు చక్కగా సర్దుకుంది. బెంగళూరు బ్యాండు 'అగం' త్యాగరాజస్వామి 'మనవ్యాలకించరాదటే'ను రాక్‌లో వినిపించింది. అది సాహసమే, కానీ కీర్తనకు గురుశిష్య పరంపర ఉంది, పుస్తకం ఉంది, దారి తప్పితే సరిచేసే పెద్దలు వేలమంది ఉన్నారు. పంబ పాటకు ఎవరున్నారు?

టర్కీ పిల్లల అదృష్టమంతా ఇక్కడే ఉంది. ముజఫ్ఫెర్ సారిసోజెన్ అనే ఆయన, ఆయన తోటివాళ్లు 1937 నుంచి ఏటా పల్లెలు తిరిగి పది వేల దాకా పాటలు రికార్డు చేసి పెట్టారు. 1936లో హంగేరీ నుంచి బేలా బార్తోక్ వచ్చి అదానా చుట్టుపక్కల పాటలు సేకరించి వెళ్లాడు. అక్కడి ప్రభుత్వ రేడియో ముద్రించే స్వరపత్రం మీద పాట ఏ ప్రాంతానిది, ఎవరు పాడగా విన్నారు, ఎవరు సేకరించారు అనేవి విడివిడిగా రాసి ఉంటాయి. పాడినవాళ్ల పేరు! మన దగ్గర 'జానపదం' అని ఒక్క ముక్క రాసి వదిలేస్తాం. 2021లో 'లవ్ స్టోరీ' సినిమాలో 'సారంగదరియా' వచ్చినప్పుడు ఆ పాట ఎవరి నోటి నుంచి వచ్చిందన్న వివాదం పత్రికలకెక్కింది. మొదట విన్న రోజే కాగితం మీద పేరు రాసి ఉంటే అంత దూరం పోయేది కాదు.

మన సేకర్తలు తక్కువవాళ్లేమీ కాదు. బిరుదురాజు రామరాజు, నేదునూరి గంగాధరం కాలికి చెప్పు అరిగేలా తిరిగారు. కానీ పుస్తకాల్లోకి ఎక్కువగా వచ్చింది మాట, బాణీ కాదు. 2019లో హ్యూస్టన్‌లో కన్నుమూసిన వింజమూరి అనసూయాదేవి జానపదాలకు స్వరలిపి రాసి అచ్చువేశారు, ఆ పుస్తకాలు తెరిచి నేటి కుర్రాళ్లు వాయించుకోవచ్చు. బాణీ కాగితం మీదికి వస్తే ఏమవుతుందో మా పక్క మదనపల్లెకు బాగా తెలుసు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడి థియోసాఫికల్ కాలేజీలో ఉన్నప్పుడు 'జనగణమన' పాడితే, ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ దానికి పాశ్చాత్య స్వరలిపి రాశారు.

నిలవ చేసుకున్న పాట గడ్డురోజులను కూడా దాటగలదు. 1980 సెప్టెంబరు 12న టర్కీలో సైన్యం అధికారం లాక్కుంది. జర్మనీలో ఉన్న జెమ్ కరాజా తిరిగి రాలేకపోయాడు. పౌరసత్వం రద్దు చేశారు, 1987 దాకా ఆయనకు సొంత దేశం లేదు. పల్లెపాటను నిరసన పాటగా మార్చిన సెల్దా బాజాన్ జైళ్ల పాలైంది. ఆ సంగీతం అక్కడితో ఆగిపోవాల్సింది. కానీ రికార్డులు మిగిలాయి. సెల్దా 1976 ఆల్బమ్‌ను 2006లో ఒక బ్రిటన్ కంపెనీ మళ్లీ విడుదల చేసింది, కొత్త తరం చెవిన పడింది. 1961 తర్వాత కూలి పనికి జర్మనీ, 1964 తర్వాత హాలెండ్ వెళ్లిన టర్కీ కుటుంబాల పిల్లలు కూడా ఇవాళ ఆ పాటల్ని ఎత్తుకున్నారు. హాంబర్గ్‌లో పుట్టిన దెర్యా యిల్దిరిమ్ సాజ్ పట్టుకుని ఇంటి పాట పాడుతోంది.

కుప్పం స్టేషన్లో పొద్దున్నే బెంగళూరు రైలెక్కే మా పిల్లల్లో గిటార్ సంచి వీపున వేసుకున్నవాళ్లను నేను చూస్తుంటాను. వాళ్లకు ప్రాక్టీసు గది బెంగళూరులో ఉంది, యాంప్లిఫయర్ ఉంది, ఆత్రం ఉంది. వాళ్లు వెనక్కి తిరిగి వెతుక్కునే రోజు వస్తుంది, తప్పకుండా వస్తుంది. ఆ రోజుకు మా పంబ పాట, పలకల మోత, చెక్కభజన ఏ రూపంలో దొరుకుతాయి? జాతర డీజే పెట్టెల మధ్య ఎవరో ఎత్తి పట్టిన ఫోన్లో అరనిమిషం వీడియోగానా? కుప్పంలోనే ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది, 1997 నుంచి ఉంది. అక్కడి విద్యార్థి ఒక్కో పల్లెకు ఒక రికార్డరుతో వెళ్లి, పాట మొదటి నుంచి చివరి దాకా తీసి, పాడినవాళ్ల పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చారో రాసి పెడితే పెద్ద ఖర్చేమీ కాదు. నేనూ ఆ పనిలోకి దిగుతున్నాను, మొదట మా చుట్టుపక్కల భజన బృందాలతో.

రికార్డరు తీసుకుని పెద్దాయన దగ్గరికి వెళ్లినప్పుడు మైకు ఎక్కడ పెట్టమంటారని అడిగాను. గొంతు దగ్గరే అంటాడనుకున్నాను. ఆయన బృందాన్ని గుండ్రంగా నిలబెట్టి, మధ్యలో నేల మీద చోటు చూపించాడు. "ఈడ పెట్టు. గజ్జెలు ఇనపడాల. మాటలు మర్చిపోతే ఎవురో ఒకరు అందిస్తారు. అడుగు మర్చిపోతే ఎవురూ అందీలేరు." ఆ తర్వాత కుర్రాళ్లవైపు తిరిగి, చెక్కలు ఎత్తమని చెప్పి, ఏడు మొదలుపెట్టాడు.