వృత్తపరిధి, సమాకలనము: పాఠ్యపుస్తకపు ఉపపత్తిపై ఒక విమర్శ

వృత్తపరిధిని సమాకలనము ద్వారా కనుగొనుట కలనగణిత పుస్తకములలో తరచు కనబడు లెక్క. వృత్తసమీకరణమునుండి చాపపు పొడవునకు సూత్రము వ్రాసి, పాదవృత్తముపై సమాకలనము చేసి, ఫలితమును నాలుగుచే గుణింతురు. మధ్యలో సైన్ విలోమము వచ్చును. 1 యొక్క సైన్ విలోమము పై/2 గనుక పరిధి వ్యాసార్ధమునకు 2పై రెట్లని తేలును. విద్యార్థికి పూర్తి మార్కులు వచ్చును. కాని అతడు నిరూపించినదేమి?

1 యొక్క సైన్ విలోమము పై/2 అని మనకెట్లు తెలిసినది? సైన్ విలువ 1 అగునది లంబకోణము. అది పై/2 రేడియనులు. రేడియనులలో కోణపు కొలత యనగా చాపమును వ్యాసార్ధముచే భాగించగా వచ్చు సంఖ్య. కావున లంబకోణము పై/2 రేడియనులనుట, పాదపరిధి వ్యాసార్ధమునకు పై/2 రెట్లనుటయే! సాధింపవలసిన దానినే ముందుగా గ్రహించితిమి. మన తార్కికులు అన్యోన్యాశ్రయమనెడి దోషమిదియే. గానుగెద్దు ఎంత నడచినను బయలుదేరిన చోటికే చేరును గదా!

అయినను ఆ లెక్క వ్యర్థము కాదు. వ్యాసార్ధమునే ప్రమాణముగా గైకొని చలరాశిని మార్చినచో, వ్యాసార్ధము గుణకముగా సమాకలనమునకు వెలుపలికి వచ్చును. లోపల మిగులునది అన్ని వృత్తములకును ఒకే సంఖ్య. బండిచక్రమునకైనను, గాజునకైనను పరిధికిని వ్యాసమునకును గల నిష్పత్తి మారదని దీనివలన తేలుచున్నది. సిద్ధాంతమిది. ఆ నిష్పత్తిని పై అనుట కేవలము పేరు పెట్టుట. పుస్తకములు సిద్ధాంతమును విడిచి, పేరును నిరూపించుచున్నవి.

ఇక ఆ సంఖ్య విలువ యెంత? దీనికి త్రికోణమితి తోడు లేకయే సమాధానము చెప్పవచ్చును. 14వ శతాబ్దమున కేరళ గణితజ్ఞుడు మాధవుడు కనుగొన్న మార్గమును, 16వ శతాబ్దమున జ్యేష్ఠదేవుడు మలయాళములో రచించిన 'యుక్తిభాష' ఉపపత్తితో వివరించినది. దాని సారాంశమిది.

వ్యాసార్ధము 1 అనుకొనుడు. వృత్తముపై ఒక బిందువు వద్ద 1 పొడవుగల స్పర్శరేఖను గీచి, దానిని మిక్కిలి చిన్న సమానఖండములుగా విభజించి, విభాగబిందువులను కేంద్రముతో కలుపుడు. ఈ రేఖలు వృత్తములో ఎనిమిదవ వంతును ఖండించును. స్పర్శబిందువునుండి 'త' దూరముననున్న ఖండమునకు కేంద్రమునుండి గల దూరము 1 + త² యొక్క వర్గమూలము. ఖండము ఏటవాలుగా నున్నందున ఒకసారి, వృత్తమునకు ఆవల నున్నందున మరొకసారి, దానిని ఈ దూరముచే భాగింపవలెను. సరూపత్రిభుజములే ఇందుకు చాలును. అనగా చాపఖండము, స్పర్శరేఖాఖండమును 1 + త² చే భాగించినంత.

1 ని 1 + త² చే భాగించుకొనుచు పోయినచో 1 − త² + త⁴ − ... వచ్చును. దీనిని 0 నుండి 1 వరకు సమాకలనము చేయగా, పరిధిలో ఎనిమిదవ వంతు

1 − 1/3 + 1/5 − 1/7 + 1/9 − ...

అగును. ఎచ్చట ఆపినను, దోషము విడిచిన మొదటి పదమును మించదు. వ్యాసము 2 గనుక, ఈ మొత్తమునకు 4 రెట్లే పై.

ఈ శ్రేణి మిక్కిలి నెమ్మదిగా నడచును. అయిదు పదములకు పై విలువ 3.3397 మాత్రమే. కాని మాధవుని సంప్రదాయమువారు చివర ఒక సంస్కారమును కూడ చెప్పిరి. కడపటి హారము 9. దాని తరువాతి సరిసంఖ్య 10. అందు సగమైన 5 ను, 10 వర్గమునకు 1 కలుపగా వచ్చు 101 చే భాగించి, శ్రేణి మొత్తమునుండి తీసివేసి 4 చే గుణించినచో, 3.14166 వచ్చును. అయిదు పదములతో ఇంత దగ్గరకు వచ్చుట విద్యార్థులు స్వయముగా లెక్కించి చూడదగిన విషయము.

కనుక ఉపాధ్యాయులు మొదట నిష్పత్తి స్థిరత్వమును, పిదప దాని విలువను బోధించి, సైన్ విలోమపు లెక్కను సరిచూచుకొనుటకు మాత్రము చివర చెప్పుట మేలు. "పై/2 ఎక్కడనుండి వచ్చినదండీ?" అని అడుగు విద్యార్థిని "సూత్రమున్నది, వ్రాసికొనుము" అని కూర్చుండబెట్టరాదు. గణితమనగానేమో ఆ తరగతిలో గ్రహించినవాడు అతడే.