పడిపోయిన నాటకానికి ఎవరిస్తారు?

నాటక రచయితకు ధనసహాయం అనగానే మన మిత్రుల్లో కొందరు అది ప్రతిభకు గౌరవం అంటారు, కొందరు అమ్ముడుపోవడం అంటారు. రెండూ నాకు సమ్మతం కావు. టెనెసీ విలియమ్స్‌కు 1939 చివర రాక్‌ఫెలర్ ఫౌండేషన్ వెయ్యి డాలర్లిచ్చింది. చమురు డబ్బే, కాదనను. మరుసటి ఏడాది బోస్టన్‌లో ఆయన ‘బ్యాటిల్ ఆఫ్ ఏంజెల్స్’ ఘోరంగా పడిపోయింది. ‘గ్లాస్ మెనేజరీ’ ప్రదర్శన 1944 చివర. ఈ మధ్యకాలంలో ఆయన లిఫ్టు నడిపాడు, సినిమాహాల్లో ప్రేక్షకులకు సీట్లు చూపించాడు. రచయితకు అసలు ఆసరా కావలసింది ఆ దశలోనే.

1935లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం పెట్టిన ఫెడరల్ థియేటర్ ప్రాజెక్టు దానం చేయలేదు, జీతమిచ్చింది. కాలేజీ వదిలి వచ్చిన ఆర్థర్ మిల్లర్‌కు వారానికి 22 డాలర్ల 77 సెంట్లు. గెలుపు నిరూపించుకొని రమ్మనలేదు. అందుకే దాన్ని మెచ్చుకుంటాను. 1939 జూన్‌లో అమెరికన్ కాంగ్రెస్ కమ్యూనిస్టు బూచి చూపి దాన్ని మూయించిందన్నది మరవకుండానే.

మన పరిషత్తులు గెలిచిన నాటకానికే బహుమతి కడతాయి. తొలి నాటకం పడిపోయిన కుర్రవాడు రెండోది ఏం తిని రాయాలి? నిర్వాహకులు ఒక్క బహుమతి మొత్తాన్నయినా పక్కనపెట్టి, అటువంటివాడికి ముందుగానే ఇచ్చి చూడాలి.