గొంతుకి వయసొచ్చాక

సినిమా పాట గురించి మనం రాసుకున్న స్త్రీవాద విమర్శలో ఎక్కువ భాగం పాటలోని మాటల గురించే. కవి నాయికని దేనితో పోల్చాడు, ఆమె నడుముని ఎన్ని చరణాల్లో వర్ణించాడు, సిగ్గుని ఆడదాని సుగుణంగా ఎలా మార్చాడు అని లెక్కలు తీశాం. తీయవలసిన లెక్కలే. కానీ ఆ మాటల్ని పలికిన ఆడగొంతు దగ్గరికొచ్చేసరికి మన దగ్గర 'కోకిల', 'తేనెలూరే స్వరం' తప్ప వేరే మాటలుండవు. రాసినవాడు కర్త, బాణీ కట్టినవాడు కర్త, పాడినామె మాత్రం ఆ పాటని మోసుకొచ్చిన మనిషి. ఈ అమరికని మనం కూడా ప్రశ్నించకుండా ఒప్పేసుకున్నామా? బెటీ లవెట్ పాడిన ఇతరుల పాటలు వింటున్నకొద్దీ నాకీ ప్రశ్న బలపడింది.

బెటీ లవెట్ 1946లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో పుట్టి, డెట్రాయిట్‌లో పెరిగిన నల్లజాతి గాయని. పదహారేళ్ల వయసులో, 1962లో, మొదటి రికార్డు ఇచ్చారు. నల్లవాళ్ల చర్చిల్లో దేవుణ్ణి పిలిచే గొంతునీ, బ్లూస్‌లోని ఇహలోకపు దుఃఖాన్నీ కలుపుకుని సోల్ సంగీతం రూపు కడుతున్న రోజులవి. 1972లో ఆమె అలబామాలోని మజిల్ షోల్స్‌లో ఒక పూర్తి ఆల్బం పాడారు. కంపెనీ దాన్ని విడుదల చెయ్యకుండా అటకెక్కించింది. ఫ్రాన్సుకి చెందిన ఒక రికార్డుల సేకర్త పూనుకుని 2000లో దాన్ని బయటికి తెచ్చేసరికి 28 ఏళ్లు గడిచిపోయాయి. ఈ మధ్యకాలమంతా ఆమె చిన్న చిన్న క్లబ్బుల్లో పాడారు, నాటకాల్లో పాడారు. పాడటం మాత్రం మానలేదు. లోకం ఆమె పేరు గుర్తుపట్టేసరికి అరవయ్యో ఏడు దగ్గరపడింది.

ఆ వయసులో, 2005లో, ఆమె చేసిన ఆల్బం 'ఐవ్ గాట్ మై ఓన్ హెల్ టు రైజ్'. ఇందులోని పాటలన్నీ వేరేవాళ్లవే. అన్నీ స్త్రీలు రాసినవే. డాలీ పార్టన్, జోన్ ఆర్మట్రేడింగ్, షినేడ్ ఓకానర్, లూసిండా విలియమ్స్, ఫియోనా యాపిల్ వంటి వాళ్ల పాటలు. వీరిలో కొందరు ఆమెకంటే ఇరవై ఏళ్లు, ముప్పై ఏళ్లు చిన్న. ఒక పడుచుపిల్ల తన ప్రియుడి మీద కోపంతో రాసుకున్న పాటని అరవై దగ్గరపడిన మనిషి పాడితే ఆ కోపం ప్రియుడి దగ్గర ఆగదు. కంపెనీల మీదికి, పోయిన ఏళ్ల మీదికి కూడా వెళుతుంది. మాట ఒక్కటీ మారదు. మాట్లాడే మనిషి మారిపోతుంది.

ఇతరులు ముందే పాడిన పాటని మళ్లీ పాడి రికార్డు చేస్తే దాన్ని 'కవర్' అంటారు. ఆ మాట వెనక నల్లజాతి గాయనులకి చాలా చేదు ఉంది. 1950లలో ఒక నల్ల గాయని పాట రేడియోలో ఆడటం మొదలవగానే, అదే పాటని తెల్ల గాయనితో పాడించి ఎక్కువ అమ్ముకునేవారు. లవర్న్ బేకర్ పాటని జార్జియా గిబ్స్ గొంతులో ఇలాగే అమ్మారు. దాంతో బేకర్ 1955లో తన ప్రాంతపు కాంగ్రెస్ సభ్యుడికి, ఈ చట్టం మార్చమని, మొరపెట్టుకున్నారు. చట్టం మారలేదు. రూత్ బ్రౌన్ పాటల మీద నిలబడిన అట్లాంటిక్ కంపెనీని జనం 'రూత్ కట్టిన ఇల్లు' అనేవారు. ఆ ఇల్లు కట్టినామె 1960లలో ఇతరుల ఇళ్లల్లో పనిచేసి, బడి బస్సు నడిపి పిల్లల్ని పెంచుకోవలసి వచ్చింది. తనకు రావలసిన రాయల్టీల కోసం ఆమె ఏళ్ల తరబడి పోరాడారు.

ఇదే కవర్‌ని తిరగేసి పట్టుకున్నది అరీతా ఫ్రాంక్లిన్. 'రెస్పెక్ట్' 1965లో ఓటిస్ రెడింగ్ రాసి పాడిన పాట. సంపాదించి ఇంటికొచ్చిన మగవాడు తనకి దక్కవలసిన మర్యాద అడుగుతాడు అందులో. 1967లో అరీతా దాన్ని ఆడమనిషి అడిగే మర్యాదగా మార్చేశారు. ఈరోజు ఆ పాట ఎవరిదంటే అందరూ అరీతా పేరే చెబుతారు. కానీ అమెరికా రేడియోలో పాట వచ్చినప్పుడు రాసినవారికి డబ్బు వెళుతుంది, పాడినవారికి వెళ్లదు. పాటకి కొత్త అర్థాన్నిచ్చినామె చట్టం దృష్టిలో అక్కడ లేనట్టే.

ఇక నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది 2020లో వచ్చిన 'బ్లాక్‌బర్డ్స్' గురించి. అప్పటికి లవెట్ వయసు 74. నిర్మాత డ్రమ్మర్ స్టీవ్ జోర్డన్. తనకి ముందు నడిచిన నల్ల గాయనుల పాటలు తీసుకున్నారు: నీనా సిమోన్, డైనా వాషింగ్టన్, రూత్ బ్రౌన్, డెల్లా రీస్, లిల్ గ్రీన్, బిల్లీ హాలిడే. 2005 ఆల్బంకీ దీనికీ ఒక కీలకమైన తేడా ఉంది. అక్కడ పాటలు రాసినవాళ్లు స్త్రీలు. ఇక్కడ చాలా పాటలు రాసింది మగవాళ్లే, వాటికి ప్రాణం పోసిన గొంతులు స్త్రీలవి. మొదటిది కలాల వంశవృక్షం అయితే రెండోది గొంతుల వంశవృక్షం. ఆ పాటలు కాగితం మీద ఎవరి పేరున ఉన్నా, వాటిని బతికించిన గాయనులనే ఆమె పూర్వీకులుగా ఎంచుకున్నారు.

నీనా సిమోన్ 1967లో పాడిన 'ఐ హోల్డ్ నో గ్రడ్జ్'తో ఆల్బం మొదలవుతుంది. మనసులో కక్ష లేదని చెబుతూనే జరిగింది మర్చిపోలేదని తెలియజేసే పాట. నీనా గొంతులో అది ఒక ప్రేమ వ్యవహారానికి సంబంధించిన హెచ్చరిక. 28 ఏళ్లు అటకమీద పడున్న ఆల్బం ఉన్న మనిషి పాడితే? ప్రేమికుడి జాడే కనిపించదు. 1939లో బిల్లీ హాలిడే పాడిన 'స్ట్రేంజ్ ఫ్రూట్' నల్లవాళ్లని చెట్లకి ఉరితీసిన దారుణం గురించిన పాట. మినియాపొలిస్‌లో పోలీసు మోకాలి కింద జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయిన కొద్దిరోజులకే లవెట్ పాడిన ఈ పాట బయటికి వచ్చింది. ఆమె దాన్ని ఏడుస్తూ పాడలేదు. పొడిబారిన గొంతుతో, సాక్ష్యం చెబుతున్నట్టు పాడారు. ఆఖర్న బీటిల్స్ బృందం 1968లో ఇచ్చిన 'బ్లాక్‌బర్డ్' ఉంది. అందులో పక్షిని ఉద్దేశించి ఎవరో బయటినుంచి మాట్లాడతారు. లవెట్ దాన్ని ఉత్తమ పురుషలోకి మార్చుకున్నారు. ఇప్పుడు పక్షే మాట్లాడుతుంది. ఒక సర్వనామం మార్చడం చిన్న పనేమీ కాదని ఈ పత్రిక చదివేవాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు.

లోపాలు లేవా? ఉన్నాయి. పాటలన్నీ ఇంచుమించు ఒకే నడకలో, నిదానంగా సాగుతాయి. వాద్యాలు మరీ మర్యాదగా ఆమె వెనక నిలబడ్డాయి. 2005 ఆల్బంలోని గరుకుదనం, తగువులాడే గుణం ఇక్కడ తగ్గాయి. పెద్దరికానికి గౌరవం ఇస్తున్నామన్న స్పృహ సంగీతానికి అన్నిసార్లూ మంచిది కాదు. అయినా ఒక విషయం స్పష్టం. గొంతులో వచ్చిన జీరని, ఆగి తీసుకోవలసి వస్తున్న ఊపిరిని ఆమె దాచలేదు. వాటితోనే పాటని చదివారు. అవును, చదవడమే. పాత పాటని మళ్లీ పాడటం ఆమె దగ్గర ఒక రకమైన సాహిత్య విమర్శ.

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. 1943లో 'భాగ్యలక్ష్మి'లో తెలుగు సినిమాకి నేపథ్యగానం పరిచయం చేసిన రావు బాలసరస్వతీదేవి 2025 అక్టోబరులో హైదరాబాదులో కన్నుమూశారు. సుశీల పాడిన పాటల్లో 17,695 లెక్కకి అందాయని 2016లో గిన్నిస్ వాళ్లు నమోదు చేశారు. జానకి 2013లో పద్మభూషణ్ మరీ ఆలస్యంగా ఇచ్చారంటూ తిరస్కరించారు. ఇంతటివాళ్లని మనం పెద్దవయసులో ఏం పాడమని అడిగాం? సన్మాన సభల్లో, టీవీ కార్యక్రమాల్లో తమ పాతపాటే, నలభై ఏళ్ల కిందట పాడినట్టే, ఒక పల్లవి పాడమని అడిగాం. పాడితే, 'ఈ వయసులో కూడా గొంతు చెక్కుచెదరలేదు' అన్నాం. మనం ఇచ్చే అతిపెద్ద మెప్పు వయసు రాలేదని చెప్పడమే!

దీని వెనక ఒక యంత్రాంగం ఉంది. లవెట్ పుట్టిన 1946లోనే పుట్టిన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, 73 ఏళ్ల వయసులో 'దర్బార్'లో రజనీకాంత్‌కి పాడారు. తప్పేం లేదు, బాగానే పాడారు. అక్కడ హీరో కూడా వయసు మళ్లినవాడే కాబట్టి గొంతుకి వయసొచ్చినా అతికింది. హీరోయిన్ మాత్రం ఎప్పుడూ ఇరవై రెండేళ్లదే. పదేళ్లకోసారి మనిషిని మారుస్తారు, మనిషితోపాటు గొంతునీ మారుస్తారు. ముసలి గాయనికి మిగిలేది ముసలమ్మ పాత్ర. 2001లో 'మురారి' పెళ్లిపాటలో అరవై దాటిన జిక్కి గొంతు వినిపిస్తే మనకెంత హాయిగా ఉంది! కానీ ఆ గొంతుకి దొరికిన చోటు పెళ్లింట్లో పెద్దముత్తైదువుది. ఇంకో వింత చూడండి. 'శ్రీవారి శోభనం' (1985)లో ఒక పాటలో పడుచు గొంతునీ, ముసలామె గొంతునీ జానకే పలికించారు. వృద్ధాప్యాన్ని నటించే పడుచు గొంతు మనకి ముద్దు. నిజంగా వృద్ధాప్యం వచ్చిన గొంతు మాత్రం 'పోయిన గొంతు'.

నేనుండే పోచారంలో ఈ మాట తరచూ వినిపిస్తుంది. ఐటీ క్యాంపస్‌ల పుణ్యమా అని లేచిన అపార్టుమెంట్లలో మనవల్ని చూసుకోవడానికి ఊళ్లనుంచి వచ్చిన అరవై దాటిన ఆడవాళ్లు చాలామంది. మహిళా దినోత్సవానికి పాతపాటల కార్యక్రమం పెడితే, మైకు అందుకోగానే అందరూ చెప్పే మొదటి మాట 'గొంతు పోయిందమ్మా, ఏమనుకోకండి' అనే. కరోకే ట్రాకు అసలు పాట శ్రుతిలోనే ఉంటుంది. అందుకోలేక సగంలో ఆపేస్తారు. నాచారం పారిశ్రామికవాడలో ముప్పై ఏళ్లు ప్యాకింగ్ పని చేసిన ఒకావిడ మాత్రం ఒకసారి ట్రాకు ఆపించేసి, తన శ్రుతిలో, తనకి ఊపిరి అందినంత నిదానంగా ఒక ఘంటసాల పాట పాడారు. విరహంతో మగవాడు పాడే పాట. ఆమె పాడుతుంటే అది ప్రియురాలి గురించి కాదనీ, ఇంకేదో పెద్ద పోగొట్టుకోవడం గురించనీ హాల్లో అందరికీ తెలిసింది. మన శ్రుతి మనం ఎంచుకోవడం అన్నది ఎంత పెద్ద విషయమో ఆరోజు అర్థమైంది.

'ఇవన్నీ పాశ్చాత్య సంగతులు, మనకి కుదరవు' అనేవాళ్లుంటారు. కర్ణాటక సంగీతంలో త్యాగరాజు కృతిని వెయ్యిమంది పాడినా దాన్ని కవర్ అని ఎవరూ అనరు. ఎవరు ఎలా పాడారన్నదే అక్కడ చర్చ. వయసు పెరిగితే విద్య పండిందంటారు. మరొకరి రచనని తన గొంతుతో మళ్లీ పలికించడం ఎంత ధిక్కారం కాగలదో చెప్పడానికి మనకి బెంగుళూరు నాగరత్నమ్మ ఉన్నారు. ముద్దుపళని 'రాధికా సాంత్వనం'లో పండితులు కత్తిరించిన భాగాలన్నీ చేర్చి 1910లో అచ్చువేయించారు. మరుసటి ఏడు ప్రభుత్వం నిషేధించింది. 1947లో గానీ ఆ నిషేధం పోలేదు. ఒక గాయని తనకి 150 ఏళ్ల ముందటి స్త్రీ గొంతుని వినిపించడానికి చేసిన పని అది. లవెట్ చేసిందీ ఇదే కుదురుకి చెందిన పని.

పాట ఎవరి సొత్తు అన్న తగువు మన దగ్గరా ఉంది. 2012లో కాపీరైట్ చట్టానికి సవరణ వచ్చేవరకు చాలామంది గాయనులకి రికార్డింగ్ రోజు చేతిలో పెట్టిన డబ్బే ఆఖరిది. 2017లో తన పాటలు అనుమతి లేకుండా వేదికల మీద పాడొద్దని ఇళయరాజా నోటీసు పంపినప్పుడు అది బాలుకే కాదు, చిత్రకి కూడా అందింది. మీడియాలో జరిగిన చర్చంతా ఇద్దరు మగవాళ్ల స్నేహం చుట్టూ తిరిగింది. ఆ పాటల్లో తన ఊపిరి ఉన్న స్త్రీకి వాటి మీద హక్కేమైనా ఉందా అని అడిగినవాళ్లు తక్కువ.

సుశీల లీల పాటని పాడితే ఎలా ఉండేది? జానకి, ఎవరి హీరోయిన్‌కీ కాకుండా, తన వయసుతో తాను పాత విరహాల్ని మళ్లీ చదివితే? అలాంటి ఆల్బం చెయ్యమని ఏ కంపెనీ అడగకపోవడం వ్యాపారం. మనం అడగకపోవడం మాత్రం విమర్శలో ఉన్న ఖాళీ. కవయిత్రి వయసుతోపాటు ఆమె కవిత ఎలా మారిందో రాస్తాం. గాయని గొంతు ఎలా మారింది, ఆ మార్పుతో పాటకి కొత్తగా ఏ అర్థం వచ్చింది అని కూడా రాయాలి. అందుకు 'కోకిల' అన్న మాట చాలదు. గరుకు, జీర, ఊపిరి, ఆగడం, దించుకున్న శ్రుతి: ఇవన్నీ మన విమర్శ పరిభాషలోకి రావాలి. లేకపోతే బాలసరస్వతీదేవి తరం మనం వినకుండానే వెళ్లిపోయినట్టు, తరవాతి తరమూ వెళ్లిపోతుంది. మన దగ్గర వాళ్ల పడుచు గొంతుల రికార్డులు మాత్రం మిగులుతాయి.