పూత లేని మెరుపు

జూన్, జూలైలలో చిత్తూరు ప్రాంతంలోని దామలచెరువు, బంగారుపాళ్యం మార్కెట్ల నుంచి తోతాపురి మామిడికాయ ట్రాక్టర్లకెక్కి గుజ్జు ఫ్యాక్టరీలకు చేరుతుంది. చూడవచ్చినవాళ్ల కళ్లు ఆ కాయల గుట్టల మీద నిలుస్తాయి. నా కళ్లు మాత్రం ఆ రసం చేరే తొట్టి మీద నిలుస్తాయి. స్టెయిన్‌లెస్ స్టీలు పలకను వంచి, అతికి, నునుపు చేసిన ఆ తొట్టిలో ఉన్నంత నిండైన అందాన్ని నేను మరే లోహంలోనూ చూడలేదు.

మామిడి రసం నాలుకకు తీపి, లోహానికి పరీక్ష. గుజ్జు పీహెచ్ సాధారణంగా 4 లోపే ఉంటుంది. ఇనప కత్తిపీట మీద పచ్చికాయ తరిగితే కత్తీ నల్లబడుతుంది, ముక్కా నల్లబడుతుంది. ఇనుము తనలో కొంత ఆ ముక్కకు అంటించిందన్నమాట. స్టీలు పలక అలా అంటించదు. టెంక తీసే యంత్రం, గుజ్జు దిగే జల్లెడ, 90 డిగ్రీలు దాటించి కాచే గొట్టాలు, పండు అడుగడుగునా ఈ లోహాన్నే ఒరుసుకుంటూ పోతుంది. అయినా రసంలో లోహపు రుచి ఉండదు.

ఈ నిగ్రహం దాని పుట్టుకలోనే ఉంది. ఆహార పరిశ్రమలో ఎక్కువగా వాడే 304 రకంలో ఇంచుమించు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పలక ఒంటి మీద కొద్ది నానోమీటర్ల పొర కడుతుంది. కంటికి ఆనదు, గోటికి చిక్కదు. శ్రీకాళహస్తి దగ్గర తయారయ్యే డక్టైల్ ఇనుప గొట్టాలకు లోపల సిమెంటు, బయట జింకు పూస్తారు. అది తొడిగిన కవచం. స్టీలుది కర్ణుడి సహజకవచం. అయితే కర్ణుడు కోసిచ్చిన కవచం మళ్లీ మొలవలేదు, ఇది మొలుస్తుంది. గీత పడ్డచోట గాలి సోకితే చాలు, పొర తనంతట తానే అల్లుకుంటుంది.

తొట్టి మూల దగ్గర ఆగి అతుకును చూడండి. ఆర్గాన్ వెల్డింగ్ అయిన వెంటనే అతుకుకు రెండు వైపులా గడ్డిపసుపు, ఊదా, నీలం చారలు పరుచుకుంటాయి. ఎంత ముచ్చటగా ఉంటాయో! కానీ ఆ రంగుల కింద క్రోమియం పలచబడి ఉంటుంది, తుప్పుకు అదే దారి. అందుకే పనివాడు ఆమ్లపు పిక్లింగ్ పేస్టు రాసి ఆ రంగులన్నీ తీసేస్తాడు, కడుగుతాడు, రుద్ది నునుపు చేస్తాడు. చివరికి మిగిలేది మబ్బుపట్టిన వెండిలాంటి ఒకే వన్నె. పైపై సొగసును వదులుకుని నిజమైన బలాన్ని నిలుపుకున్న ఆ వన్నె ముందు ఇంద్రధనుస్సు వెలవెలబోతుంది.

ఈ పలకకూ శత్రువుంది. ఉప్పులోని క్లోరైడు పొరను పొడిచి సూదిమొనంత గుంటలు చేస్తుంది. ఉప్పు ఎక్కువ తగిలేచోట 2, 3 శాతం మాలిబ్డినం కలిపిన 316 రకం వాడేది అందుకే. రబ్బరు వాషరు కింద గుజ్జు ఇరుక్కుని గాలి ఆడకపోయినా పొర నీరసిస్తుంది. అందుకే కాస్టిక్ నీళ్లు, ఆమ్లపు నీళ్లు, మంచినీళ్లు వరసగా పోసి గొట్టాలనూ తొట్లనూ కడుగుతారు. ఆ కడుగుడు పండును కాపాడుతుంది, పలకకు ఊపిరి పోస్తుంది. ఈ మెరుపు ఒకసారి పూసి వదిలేసింది కాదు. గాలీ లోహమూ మనిషి చెయ్యీ కలిసి రోజూ నిలబెడుతున్నది.

రసానికి ప్రాణం ఔచిత్యమన్నాడు ఆలంకారికుడు క్షేమేంద్రుడు. ఎక్కడ ఎంత ఉండాలో అంతే ఉండటం ఈ పలకకు తెలుసు. బరువు మోస్తుంది, వేడి మోస్తుంది, పులుపు మోస్తుంది, రసంలో మాత్రం తన ఊసెత్తదు. ఇంతటి ఔచిత్యాన్ని చేతులతో సాధించిన వెల్డరు శిల్పుల వరసలో నిలబడదగినవాడు.