మూడు కిలోమీటర్ల గడి: విద్యుత్కార్ల నిబంధనలపై ఒక విమర్శ

పెట్రోలు తగ్గిన కారు బంకు దగ్గర ఆగుతుంది. విద్యుత్తు తగ్గిన కారు ఎక్కడ ఆగవలె?

ఈ ప్రశ్నకు సమాధానంగా కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2018 డిసెంబరులో మార్గదర్శక సూత్రాలను ప్రకటించినది. నగరాలలో 3 కిలోమీటర్ల పొడవు, 3 కిలోమీటర్ల వెడల్పు గల ప్రతి గడిలోను కనీసం ఒక ఛార్జింగు కేంద్రం ఉండవలెనని, రహదారులపై ప్రతి 25 కిలోమీటర్లకు ఇరువైపులా ఒక్కొక్కటి ఉండవలెనని అందులో చెప్పినారు. 2024 సెప్టెంబరులో వచ్చిన కొత్త సూత్రాలు 2030 నాటికి నగరపు గడిని 1 కిలోమీటరుకు కుదించవలెనన్నవి. రహదారి దూరాన్ని 20 కిలోమీటర్లకు తగ్గించినవి.

ఈ సూత్రాలలో మెచ్చదగినవి లేకపోలేదు. కేంద్రం పెట్టడానికి లైసెన్సు అక్కరలేదన్నారు. ఇంటివద్ద ఛార్జింగు చేసుకొనవచ్చునన్నారు. ఈ రెండు మాటలూ లేకపోతే పని మొదలయ్యేదే కాదు. లోపమల్లా కొలబద్దలో ఉన్నది. సూత్రాలు దూరాన్ని కొలిచినవి. కారుకు కావలసినది శక్తి.

ఒక లెక్క వేసి చూడవచ్చును. కారు ఒక యూనిట్టుకు, అంటే ఒక కిలోవాట్ గంటకు, సుమారు 6 కిలోమీటర్లు నడుస్తుందనుకొందాము. రోజుకు 30 కిలోమీటర్లు తిరిగే కారుకు 5 యూనిట్లు చాలును. 9 చదరపు కిలోమీటర్ల గడిలో అటువంటి కార్లు 900 ఉన్నవనుకొంటే రోజుకు 4,500 యూనిట్లు కావలె. 50 కిలోవాట్ల ఛార్జరు ఒకటి రాత్రింబవళ్ళు ఒక్క నిమిషం ఆగకుండా పనిచేసినా ఇవ్వగలిగినది 1,200 యూనిట్లే. అది 240 కార్లకు సరిపోతుంది. 10 కిలోవాట్లదైతే 48 కార్లకే. అయినా గడి లెక్కలో రెండూ “ఒక కేంద్రమే”.

2018 నాటి సూత్రాలు ప్రతి కేంద్రంలోను ఐదు రకాల ఛార్జర్లుండవలెనని నిర్బంధించినవి. వాటి కనీస సామర్థ్యాలు 50, 50, 22, 15, 10 కిలోవాట్లు, మొత్తం 147. ఆ ప్రాంతపు బళ్ళకు పనికిరాని ఛార్జరుకు కూడా యజమాని డబ్బు పెట్టవలసి వచ్చేది. 2019 అక్టోబరులో ఆ నిర్బంధాన్ని సడలించినారు. అది మంచి పనే. కాని దానితోపాటు గడికి ఇన్ని కిలోవాట్లన్న లెక్క కూడా జారిపోయినది.

రహదారి మాట వేరు. హైదరాబాదునుంచి విజయవాడకు సుమారు 275 కిలోమీటర్లు. 2020లో వచ్చిన టాటా నెక్సాన్ విద్యుత్కారు బ్యాటరీ 30.2 యూనిట్లది, పై లెక్కన అది సుమారు 180 కిలోమీటర్లు పోతుంది. దారిలో ఎక్కడో ఒకచోట ఆగక తప్పదు. అక్కడ దూరమే సరియైన కొలత.

ఊరిలో మాత్రం కారు రోజులో ఎక్కువ భాగం కదలకుండా నిలిచి ఉంటుంది. ఇంటివద్ద 3.3 కిలోవాట్ల సాకెట్టునుంచి 5 యూనిట్లు ఎక్కడానికి గంటన్నర చాలు. ఖాళీ అయిన 30.2 యూనిట్ల బ్యాటరీ నిండడానికి 9 గంటలకు పైగా పట్టును. కనుక అసలైన ఛార్జింగు కేంద్రం కారు నిద్రించే చోటే. ఆ చోటు లేనివారి సంగతేమి? పోర్టికో గల ఇంటి యజమానికి సమస్య లేదు. పాత అపార్టుమెంటులో, మేడపై వాటాలో అద్దెకున్నవారు కిటికీలోనుంచి తీగె వేలాడదీయవలెనా? 2019లో సవరించిన నమూనా భవన నియమాలు పార్కింగు స్థలంలో 20 శాతం విద్యుద్వాహనాలకు అనువుగా ఉండవలెనన్నవి. అవి ముఖ్యంగా కొత్త కట్టడాలకు ఉపయోగపడేవి. 2024 ఫిబ్రవరిలో సవరించిన వినియోగదారుల హక్కుల నియమాలు ఛార్జింగుకు విడిగా కనెక్షను పొందే వీలు కల్పించినవి. హక్కు వచ్చినది, కాని సొంత పార్కింగే లేనివారు ఆ కనెక్షనును ఎక్కడ పెట్టించుకొనగలరు?

ఇంటి సాకెట్టు విషయంలో మరొక జాగ్రత్త ఉన్నది. వేడి విద్యుత్ప్రవాహపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. వదులైన అతుకు నిరోధం 0.2 ఓము ఉండి, 15 ఆంపియర్లు ప్రవహిస్తే 15 × 15 × 0.2 = 45 వాట్ల వేడి పుట్టును. రేడియో బాగుచేసేవారి సోల్డరింగు ఇనుము 25 వాట్లదే! గీజరు కొద్దిసేపే పనిచేస్తుంది గనుక ఆ లోపం బయటపడకపోవచ్చును. కారు రాత్రంతా పనిచేయించును. పాత ఇళ్ళలో ముందుగా తీగెలు, అతుకులు, ఎర్తింగు పరీక్షించడం సౌకర్యం కాదు, అవసరం.

గడిని చిన్నది చేసినంత మాత్రాన పని పూర్తికాదు. ఒక్కొక్క గడిలో ఎన్ని కార్లు, ఎన్ని కిలోవాట్లు, ఎందరికి సొంత పార్కింగు లేదు అన్న మూడు అంకెలు నిబంధనలలో చేరవలె. పదవ తరగతి విద్యార్థులు సైతం తమ వీధికి ఈ లెక్క వేసి చూడవచ్చును. ఓము నియమం, యూనిట్ల గుణకారం తెలిస్తే చాలు.