అమ్మకి సైన్సెందుకు?

తెలుగులో సైన్సు పత్రిక అనగానే గుర్తొచ్చేది పిల్లల పత్రికే. జనవిజ్ఞాన వేదిక వారి 'చెకుముకి' చూడండి. ప్రశ్నలడగడం నేర్పే మంచి పత్రిక. చందా కట్టేది అమ్మే అయినా, పాఠకుడు మాత్రం పిల్లవాడు. పెద్దలకోసం నండూరి రామమోహనరావుగారు 'విశ్వరూపం', 'నరావతారం' రాశారు. నక్షత్రాల కథ, మనిషి పుట్టుక ఇంత చక్కని తెలుగులో చెప్పొచ్చునా అని ముచ్చటేస్తుంది. వాటికి వంక పెట్టను. కానీ పిల్లల బల్లకీ ఆకాశానికీ మధ్య వంటింటి గడప ఒకటున్నదే! అక్కడికొచ్చేసరికి సైన్సు కాస్తా 'చిట్కా' అయి కూర్చుంటుంది.

తేడా ఏమిటంటారా? చిట్కా 'ఇలా చెయ్యి' అంటుంది. సైన్సు 'ఎందుకంటే' అంటుంది.

మా పద్మారావు నగర్ సంగతే తీసుకోండి. ఒక పక్క స్కందగిరి గుడి, ఇంకో పక్క గాంధీ ఆసుపత్రి. వానలు పట్టాయంటే డెంగీ భయం. ఆడవాళ్ల ఫోన్లనిండా బొప్పాయాకు రసమే! 'చూస్తే షాకవుతారు' అని ఒకటి, 'డాక్టర్లు చెప్పని రహస్యం' అని మరొకటి. పత్రికలేమో 'కుండీల కింద నీళ్లు పారబోయండి' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటాయి. పారబోస్తాం. అయినా దోమలొస్తాయి. ఎందుకూ?

డెంగీ దోమ గుడ్లు నీటి అంచున పళ్లేనికి అతుక్కుని ఉంటాయి. నీళ్లు ఎండినా నెలల తరబడి చావవు. మళ్లీ తడి తగిలితే వారం పది రోజుల్లో దోమలై లేస్తాయి. అందుకే పారబోస్తే చాలదు, పీచుతో గట్టిగా తోమాలి. అంట్లు తోమే చేతికి ఇంతకంటె సులువైన సైన్సు ఉంటుందా?

మలేరియా క్రిమిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ 1897లో కనుక్కున్నది మన సికింద్రాబాదులోనే. ఆ తేదీ, ఆగస్టు 20, పిల్లల క్విజ్జులకి పనికొస్తుంది. కానీ ఆ దోమ వేరు, ఈ డెంగీ దోమ వేరు. ఇది పట్టపగలే కుడుతుంది, రాత్రి దోమతెర ఒక్కటే కాపాడదు అన్నది పనికొచ్చేది తల్లికి.

ఆడవాళ్లకి 'ఎందుకు' అక్కర్లేదని సంపాదకుల నమ్మకం కాబోలు. 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి చరిత్ర, విజ్ఞాన గ్రంథాలు తెలుగులో అచ్చేయించిన కొమర్రాజు లక్ష్మణరావుగారి అక్కగారెవరో తెలుసుగా? భండారు అచ్చమాంబ. తమ్ముడు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకుని, కథలూ స్త్రీల చరిత్రలూ రాసిందావిడ. పక్కన కాస్త చోటిస్తే చాలు, ఇల్లాలు ఎంత దూరమైనా వస్తుంది.

బొప్పాయాకు వీడియోల్ని తిట్టి లాభం లేదు. అవి కనీసం 'అమ్మా, వినండి' అని మనల్ని పలకరిస్తాయి. సైన్సు రాసేవారు ఆ మర్యాద నేర్చుకోవాలి. ఎందుకంటే డెంగీలో అసలు గండం జ్వరం దిగేటప్పుడే మొదలవుతుంది. రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరిపోతుంది. ఆగని వాంతులు, కడుపునొప్పి, మత్తు కనిపిస్తే ఆసుపత్రికి పరుగెత్తాలి. 'హమ్మయ్య, ఒళ్లు చల్లబడింది' అని తల్లి కునుకు తీసే వేళ అదే. ఆ ఒక్క సంగతి ఆవిడకి ముందే చెప్పిన పత్రికే నా దృష్టిలో సైన్సు పత్రిక.