వెనకవైపు గోడ

తెనాలి దగ్గర ఇల్లు కడుతున్న మా బావమరిది ఆదివారం ఫోన్ చేశాడు. "బావా, మేస్త్రీ ముంచేస్తున్నాడు. నువ్వొచ్చి ఓసారి చూడు." గోడల విషయంలో నాకున్న అర్హతల్లా పుట్టీ మీద పగ. పాత పాఠకులకి అది చెప్పక్కర్లేదు. వంకర గోడని కూడా అద్దంలా చూపించే ఆ పిండి వచ్చాకే తాపీ పనికి బద్ధకం పట్టిందని ఎన్నోసార్లు ఇక్కడే విసుక్కున్నాను.

వెళ్లి చూస్తే, తొమ్మిదంగుళాల గోడ లోపలివైపు దారం పట్టినట్టుంది. బయటివైపు మాత్రం ఒక ఇటుక ముందుకొస్తే పక్కది లోపలికి పోయింది. "చూశావా?" అంటూ మావాడు ఫోన్‌లో లెవెల్ యాప్ తెరిచి గోడకి ఆనించాడు. నాకూ ఈ వారం కాలమ్ దొరికిందనే అనిపించింది.

మేస్త్రీ వాదించలేదు. కుప్పలోంచి రెండిటుకలు తీసి పక్కపక్కన నిలబెట్టాడు. ఒకటి అర సెంటీమీటరు పొడుగుంది. "అడ్డంగా పెట్టిన ఇటుకే గోడ మందం కదండీ. ఒకవైపు దారానికి కడితే, తేడా అంతా రెండోవైపుకి పోతుంది. లోపల ప్లాస్టింగు అరంగుళం, బయట ముప్పావు అంగుళం, రెండు కోటింగులు. ఎగుడుదిగుడు ఎటుంటే మంచిదండీ?"

మావాడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

తూకం గుండు వేయించాను. ఇటుక పనికి ఐఎస్ 2212 అని ఒక ప్రమాణముంది. 3 మీటర్ల ఎత్తుకి 6 మిల్లీమీటర్లకి మించి గోడ వాలకూడదంటుంది. గుండు గోడని రాసుకుంటూ కిందిదాకా దిగింది. వాలు లేదు.

ఇక మావాడు మెచ్చుకునే గోడ దగ్గరికొచ్చాం. రెండు గదుల మధ్య నాలుగున్నర అంగుళాలది, రెండువైపులా ముచ్చటగా ఉంది. అడ్డం వరసలు ఎవరైనా నింపుతారు. మాలు పరిచి ఇటుక నొక్కితే చాలు. పనితనం తెలిసేది నిలువు సందుల్లో. ఇటుక పక్కకి మాలు పూసి దగ్గరికి జరపాలి, దానికి ఓపిక కావాలి. సెంట్రింగ్ కట్టే తీగ ముక్క ఒక సందులోకి దూర్చాను. అవతలి గదిలో తేలింది. పక్క సందులోనూ అంతే. గోరుతో గీకితే మాలు ఇసుకలా రాలింది.

మేస్త్రీ తల దించుకున్నాడు గానీ ఊరుకోలేదు. "కిటికీలవాళ్లు వస్తున్నారు, ఒక్కరోజులో బీము కిందిదాకా లేపమన్నారు మీరే." గోడ రోజుకి మీటరు, మహా అయితే మీటరున్నర లేవాలి. ఆ రోజు ఇటుకలు నానబెట్టే తీరికా లేదట. ఎండిటుక మాలులోని నీళ్లు తాగేస్తే సిమెంటుకి మిగిలేదేముంది? కట్టాక కనీసం వారం తడపాలి. ఒప్పందంలో నీళ్లు కొట్టడం ఇంటివాళ్ల పని. మావాడు విజయవాడలో ఉంటాడు. పైపు చుట్ట చుట్టినట్టే ఉంది.

పుట్టీ మీద పగ పోలేదు. కానీ బయట మందంగా పూత పడుతుందని లెక్కేసి కట్టినవాణ్ణి, లోటు కప్పిపుచ్చేవాణ్ణి ఇన్నాళ్లూ ఒకే గాటన కట్టాను. అలా అయితే ఆదివారం గెలిచేది ఆ నాలుగున్నర అంగుళాల గోడే.

దాన్ని సగందాకా విప్పి కట్టాలని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఖర్చెవరిదన్న దగ్గర ఆగింది. చెరిసగం అన్నాను. ఇద్దరికీ నచ్చలేదు.